నిపుణుల కమిటీలు, ప్రభుత్వ నిర్ణయాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఊళ్లలో సమాచార హక్కు దరఖాస్తులు రాసిపెట్టే పనిలో ఉన్నాను కనుక కమిటీల గురించి ఎవరో ఒకరు అడగని వారం ఉండదు. ‘కమిటీ చెప్పింది కదా, మరి ఎందుకు చేయలేదు?’ అని ఒకరు, ‘కమిటీ వేశారంటే ఇక ఆ సంగతి మరిచిపోవాల్సిందేనా?’ అని ఇంకొకరు. అడిగే మనుషులు మారుతున్నారు గానీ అనుమానాలు అవే. అందుకే వాటిని ఒకచోట చేర్చి, కమిటీ పుట్టిన దగ్గర నుంచి నివేదిక తర్వాతి దాకా వరసలో పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి. ఏ జవాబు చదవడానికీ మరో జవాబు అవసరం లేదు.

## కమిటీ వేసే ముందు

మంత్రులున్నారు, ఐఏఎస్ అధికారులున్నారు. మళ్లీ నిపుణుల కమిటీ ఎందుకు?

మంత్రికి ప్రజల తీర్పు ఉంటుంది, అధికారికి ఫైలు నడిపిన అనుభవం ఉంటుంది. కానీ పసిపిల్లలకు వేసే టీకాల్లో కొత్తదాన్ని చేర్చాలా, జన్యుమార్పిడి విత్తనాన్ని పొలంలోకి రానివ్వాలా, కట్టిన నాలుగేళ్లకే బ్యారేజీ పియర్ (గేట్ల మధ్య ఉండే స్తంభం) ఎందుకు కుంగింది వంటి ప్రశ్నలకు జీవితమంతా ఆ పనిలోనే గడిపినవాళ్లు జవాబు చెప్పాలి. అందుకే కొన్ని కమిటీలు శాశ్వతంగా ఉంటాయి. టీకాలపై కేంద్రానికి సలహా ఇచ్చే జాతీయ సాంకేతిక బృందం 2001 నుంచి పనిచేస్తోంది. మందులపై సలహా ఇచ్చే బోర్డును 1940 నాటి చట్టంలోనే పెట్టారు.

రెండో కారణం కూడా ఉంది. కొన్ని గొడవల్లో ఏ పార్టీ మాట ఎవరూ నమ్మరు. భాషల వారీగా రాష్ట్రాలు కావాలన్న ఉద్యమాలు పెరిగి, పొట్టి శ్రీరాములు ప్రాణత్యాగం తర్వాత ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953లోనే కేంద్రం ఫజల్ అలీ అధ్యక్షతన రాష్ట్రాల పునర్విభజన కమిషన్‌ను వేసింది. సరిహద్దులు గీయడానికి పక్షం లేని మనిషి కావాలని అప్పుడు అందరూ కోరుకున్నారు.

కమిటీ, కమిషన్, ట్రిబ్యునల్ అన్నీ ఒకటేనా?

కాదు. పేరు కన్నా దాని వెనుక ఏముందో చూడాలి. జీవోతోనో కార్యాలయ ఉత్తర్వుతోనో వేసిన కమిటీకి సలహా చెప్పడం తప్ప ఇంకే అధికారమూ ఉండదు. 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం కింద వేస్తే సాక్షులను పిలిపించే, రికార్డులు తెప్పించే అధికారం వస్తుంది. రాజ్యాంగంలోనే చోటున్నవి కొన్ని. ఆర్థిక సంఘం 280వ అధికరణం కింద వస్తుంది, వెనుకబడిన తరగతుల కోసం వేసిన మండల్ కమిషన్ 340వ అధికరణం కింద వచ్చింది. ట్రిబ్యునల్ వీటన్నిటికీ భిన్నం, దాని మాట సలహా కాదు, తీర్పు. కృష్ణా జలాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 టీఎంసీలు కేటాయించిన బచావత్ ట్రిబ్యునల్ అలాంటిదే.

మేడిగడ్డ బ్యారేజీ చూడండి. 2023 అక్టోబరులో కుంగిన తర్వాత సాంకేతిక లోపాలు తేల్చడానికి జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ ఒక నిపుణుల కమిటీ వేసింది. నిర్ణయాలు ఎవరు తీసుకున్నారో తేల్చడానికి తెలంగాణ ప్రభుత్వం జస్టిస్ పి.సి. ఘోష్‌తో విచారణ కమిషన్ వేసింది. బ్యారేజీ ఒకటే, అడిగిన ప్రశ్నలు వేరు.

సమస్యను నాన్చడానికే కమిటీ వేస్తారంటారు. నిజమేనా?

కొన్నిసార్లు నిజమే. అలాంటిదాన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. ఉత్తర్వులో గడువు ఉండదు. ఏం తేల్చాలో స్పష్టంగా రాయరు. కార్యాలయం, సిబ్బంది, ఖర్చులకు డబ్బు ఎక్కడి నుంచి వస్తాయో చెప్పరు. ఈ మూడూ లేకపోతే కమిటీ కంటితుడుపుకే వేశారని నేను అనుకుంటాను.

కానీ ప్రతి కమిటీనీ ఒకే గాటన కట్టడం అన్యాయం. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న 2010 ఫిబ్రవరి 3న శ్రీకృష్ణ కమిటీని వేసినప్పుడు కాలయాపన అని విమర్శించనివాళ్లు తక్కువ. ఆ ఏడాది డిసెంబరు 31 లోపు నివేదిక ఇవ్వమంటే 30నే ఇచ్చింది. మూడు ప్రాంతాల ఆదాయం, సాగునీరు, చదువు, ఉద్యోగాలపై లెక్కలన్నీ ఒకచోట చేర్చింది. దాని ముగింపుతో ఏకీభవించని వాళ్లు కూడా వాదనకు ఆ లెక్కలనే వాడుకున్నారు.

## సభ్యులు, విధివిధానాలు

సభ్యులను ఎవరు ఎంపిక చేస్తారు? మనం అభ్యంతరం చెప్పవచ్చా?

మామూలు సలహా కమిటీకి సంబంధిత శాఖే పేర్లు సిద్ధం చేస్తుంది, మంత్రి ఆమోదిస్తారు. ఫలానా పద్ధతిలోనే ఎంచుకోవాలని అన్ని కమిటీలకూ వర్తించే చట్టం మన దేశంలో లేదు. అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లకు తెలిసే ఉంటుంది, అక్కడ 1972లోనే సలహా కమిటీల కోసం ప్రత్యేకంగా చట్టం చేశారు. సభ్యత్వంలో సమతూకం ఉండాలి, సమావేశం ఎప్పుడో ముందే ప్రకటించాలి, సాధారణంగా దాన్ని జనం చూసే వీలుండాలి అంటుంది అది. అలాంటిది ఇక్కడా రావాలన్నది నా గట్టి కోరిక.

అభ్యంతరం మాత్రం నిక్షేపంగా చెప్పవచ్చు. ఉత్తర్వు వచ్చిన మొదటి వారంలోనే రాతపూర్వకంగా, శాఖ కార్యదర్శి పేరిట పంపండి. ‘ఫలానావారు వద్దు’ అనేదానికన్నా ‘చేనేతపై కమిటీలో చేనేత సహకార సంఘాల నుంచి ఒక్కరూ లేరు’ అనే మాటకు బలం ఎక్కువ. నివేదిక వచ్చాక సభ్యుల గురించి మాట్లాడితే ఓడిపోయినవాళ్ల గొణుగుడులా వినిపిస్తుంది.

విధివిధానాలు అంటే ఏమిటి? వాటిని అంతగా పట్టించుకోవాలా?

కమిటీని ఏర్పాటు చేసే ఉత్తర్వులోనే ‘ఈ అంశాలను పరిశీలించాలి’ అని నాలుగైదు వాక్యాలు ఉంటాయి. వాటినే విధివిధానాలు అంటారు. పత్రికలు సభ్యుల పేర్లు ప్రచురించి వీటిని వదిలేస్తుంటాయి. నా లెక్కలో మొత్తం ఉత్తర్వులో అన్నిటికన్నా విలువైనవి ఈ వాక్యాలే. కమిటీ ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో అక్కడే తేలిపోతుంది.

2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం ఆరో సెక్షన్ తీసి చూడండి. కొత్త రాజధానికి గల వివిధ ప్రత్యామ్నాయాలను అధ్యయనం చేసి ఆరు నెలల్లో సిఫారసులు చేయడానికి కేంద్రం నిపుణుల కమిటీ వేయాలని ఉంది. ‘ప్రత్యామ్నాయాలు’ అన్న బహువచనం దగ్గర ఆగండి. ‘ఫలానా ఊరే రాజధాని’ అని ఒక్క పేరు చెప్పే బాధ్యతను చట్టం ఆ కమిటీ మీద పెట్టలేదు. ఈ సెక్షన్ కింద వేసిన శివరామకృష్ణన్ కమిటీ ఒక్క ఊరి పేరు చెప్పలేదని ఆ రోజుల్లో చాలామంది చిరాకు పడ్డారు. చట్టం అడిగిన పనే అది చేసింది.

కాబట్టి ఉత్తర్వు చేతికి రాగానే ఒక్క ప్రశ్న వేసుకోండి. ‘చేయాలా, వద్దా?’ అని అడిగారా, లేక ‘ఎలా చేయాలి?’ అని మాత్రమే అడిగారా? రెండోదే అడిగి ఉంటే, చేయడమన్న నిర్ణయం అప్పటికే జరిగిపోయింది.

కంపెనీలతో సంబంధాలున్నవాళ్లు సభ్యులైతే ఏం చేయాలి?

సంబంధం ఉండటమే నేరం కాదు, దాచడం తప్పు. ఒక రంగంలో బాగా తెలిసినవాళ్లలో కొందరు ఆ రంగంలోని సంస్థలకు పనిచేసి ఉండటం సహజం. అందుకే ప్రయోజనాల వైరుధ్యం ఉంటే ముందుగా రాసివ్వాలి, ఆ అంశం చర్చకు వచ్చినప్పుడు లేచి బయటికి వెళ్లాలి.

2006 నాటి ఆహార భద్రత చట్టం శాస్త్రీయ ప్యానెళ్లలో స్వతంత్ర నిపుణులు ఉండాలని చెప్పింది. అయినా మొదట్లో ఆ ప్యానెళ్లలో ఆహార, శీతల పానీయాల కంపెనీలవాళ్లు కనిపించారు. వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లాక 2011లో ప్యానెళ్లను మార్చాల్సి వచ్చింది. చట్టంలో రాసి ఉన్నా, అడిగేవాళ్లు లేకపోతే ఇలాగే అవుతుంది. మీకు అనుమానం ఉంటే సభ్యులు ఇచ్చిన ప్రయోజన వెల్లడి పత్రాల ప్రతులు ఇవ్వమని సమాచార హక్కు కింద అడగండి. అసలు అలాంటి పత్రాలే తీసుకోలేదని జవాబు వస్తే అది కూడా మీకు పనికొచ్చే సమాచారమే.

ముప్పై ఏళ్లుగా మిర్చి పండిస్తున్న రైతు నిపుణుడు కాదా?

నిపుణుడే. తామర పురుగు ఏ వారంలో పూత మీద పడుతుందో, ఏ మందు రెండో ఏడాది నుంచి పనిచేయదో అతనికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. కానీ కమిటీల్లో ‘నిపుణుడు’ అంటే డిగ్రీలు, పదవులు ఉన్నవాళ్లేనన్న అలవాటు పాతుకుపోయింది. ఇది మారాలి. రైతు, గంగపుత్రుడు, ఆశా కార్యకర్త తమ గోడు వినిపించి వెళ్లిపోయే సాక్షులుగా మిగలకూడదు, చివరి నివేదికపై సంతకం పెట్టే సభ్యులు కావాలి.

## కమిటీ పని చేస్తున్నప్పుడు

వీళ్లు అసలు ఎలా పని చేస్తారు? ఢిల్లీలో కూర్చుని రాసేస్తారా?

బాధ్యతగా పనిచేసే కమిటీ మొదట శాఖల నుంచి లెక్కలు తెప్పించుకుంటుంది. పత్రికల్లో ప్రకటన ఇచ్చి అభిప్రాయాలు కోరుతుంది. పర్యటనలు చేస్తుంది, నేపథ్య పత్రాలు రాయిస్తుంది. ఆ తర్వాత చిత్తుప్రతి మీద కూర్చుంటుంది. ఇందులో అధ్యక్షుడి పేరే అందరికీ తెలుస్తుంది గానీ రోజువారీ పనంతా సభ్య కార్యదర్శి చేతిలో ఉంటుంది. ఎవరిని పిలవాలి, ఏ కాగితం ఎవరి ముందుకు వెళ్లాలి, మినిట్స్‌లో, అంటే సమావేశంలో జరిగినదాన్ని రాసిపెట్టే కాగితంలో, ఏ మాట ఎలా నమోదవ్వాలి అన్నీ ఆయన బల్ల మీదుగానే జరుగుతాయి. సాధారణంగా ఆ పదవిలో ప్రభుత్వ అధికారే ఉంటారు. కమిటీ ఎంత స్వతంత్రంగా ఉందో తెలుసుకోవాలంటే అధ్యక్షుడి పేరుతో పాటు సభ్య కార్యదర్శి ఏ శాఖ నుంచి వచ్చారో చూడండి.

మేమిచ్చే వినతిపత్రాలు చదువుతారా? ఎలా రాస్తే చదువుతారు?

చదువుతారు, కానీ అన్నిటినీ ఒకేలా కాదు. 2012 డిసెంబరులో ఢిల్లీ అత్యాచార ఘటన తర్వాత వేసిన జస్టిస్ వర్మ కమిటీకి దాదాపు 80 వేల సూచనలు వచ్చాయి. చేతిలో ఉన్న సమయం నెల రోజులు. అలాంటప్పుడు మీ కాగితం మొదటి పది లైన్లలోనే పని జరగాలి.

ఒక జిల్లా కేంద్రంలో జరిగిన విచారణకు నేనూ వెళ్లాను. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. ముందు మాట్లాడినవాళ్లు అన్నదాత గొప్పదనంతో మొదలుపెట్టి, అసలు విషయానికి వచ్చేలోపు గంట మోగింది. తర్వాత ఒక మిర్చి రైతు లేచి, పాలిథిన్ కవరులో మడిచి తెచ్చిన మూడేళ్ల తక్‌పట్టీలు (పంట అమ్మినప్పుడు మార్కెట్లో ఇచ్చే చీటీలు) బల్ల మీద పరిచాడు. ఏ తేదీన ఎన్ని బస్తాలు, ఏ ధర, కోత ఎంత, చేతికి వచ్చింది ఎంత. రెండు ముక్కలు చెప్పి ఊరుకున్నాడు. అప్పటిదాకా వెనక్కి వాలి కూర్చున్న సభ్యుడు కళ్లజోడు పెట్టుకుని ఒక్కో పట్టీ తిరగేశాడు. వాటికి జిరాక్సు తీయించుకురమ్మని మనిషిని పంపారు. ఆ పూటంతా కమిటీ అడిగి తీసుకున్న కాగితాలు అవే.

అందుకని ఒక పేజీ రాయండి. మొదటి పేరాలో మీరెవరో, ఏం కోరుతున్నారో చెప్పండి. తర్వాత మీ దగ్గరున్న రుజువు పెట్టండి. చివర సిఫారసు ఎలా ఉండాలో మీరే ఒక వాక్యంగా రాసివ్వండి. తెలుగులో రాయడానికి సంకోచించవద్దు, వీలైతే ఇంగ్లీషు సారాంశం జతచేయండి. ఒకే నమూనా మీద వెయ్యి సంతకాలతో వెయ్యి కాగితాలు పంపేకన్నా వేర్వేరు ఊళ్ల నుంచి వేర్వేరు అనుభవాలు పది వెళ్తే మేలు. అందినట్టు రసీదు తీసుకోవడం మరిచిపోకండి.

సభ్యుల్లో ఒకరు ఒప్పుకోకపోతే నివేదిక ఆగిపోతుందా?

ఆగదు. ఆ సభ్యుడు తన అసమ్మతిని విడిగా రాసి నివేదికకు జతచేయవచ్చు. నివేదిక చేతికి రాగానే నేను ముందు వెతికేది ఆ పేజీలనే. రాష్ట్రాల పునర్విభజన కమిషన్‌లో కె.ఎం. పణిక్కర్ ఉత్తరప్రదేశ్ అంత పెద్దగా ఉండకూడదని విడిగా రాశారు. మండల్ కమిషన్‌లో ఎల్.ఆర్. నాయక్ వెనుకబడిన కులాలన్నిటినీ ఒకే జాబితాలో వేస్తే బాగా వెనుకబడినవాళ్లు నష్టపోతారని, వాళ్లను వేరు చేయాలని పట్టుబట్టారు. ఈ రెండు వాదనలూ నేటికీ దేశ రాజకీయాల్లో వినిపిస్తూనే ఉన్నాయి.

గడువు పదే పదే ఎందుకు పొడిగిస్తారు?

శాఖలు లెక్కలు ఇవ్వకపోవడం, సభ్యులకు వేరే కొలువులు ఉండటం, మధ్యలో ఎన్నికలు రావడం మామూలు కారణాలు. అయితే పట్టుదల ఉంటే ఎంత త్వరగా అవుతుందో కూడా చూశాం. ఢిల్లీ అత్యాచార ఘటన తర్వాత వేసిన వర్మ కమిటీ 29 రోజుల్లో పని ముగించి 2013 జనవరి 23న నివేదిక ఇచ్చింది. పొడిగింపు ఉత్తర్వు వచ్చినప్పుడు అందులో కారణం రాశారో లేదో గమనించండి.

## నివేదిక వచ్చాక

కమిటీ సిఫారసులను ప్రభుత్వం తప్పనిసరిగా అమలు చేయాలా?

తప్పనిసరి కాదు. సలహా సలహాయే. ఎన్నికల్లో నిలబడేదీ, తప్పు జరిగితే జవాబు చెప్పేదీ ప్రభుత్వం కనుక తుది మాట దానిదే. అది న్యాయం కూడా.

ఈ సంగతి తెలుగువాళ్లకు తెలిసినంతగా దేశంలో ఎవరికీ తెలియదేమో. మన చరిత్రలోని మూడు మలుపుల దగ్గర మూడు నివేదికలు నిలబడి ఉన్నాయి. 1955లో ఫజల్ అలీ కమిషన్ తెలంగాణను ప్రస్తుతానికి హైదరాబాద్ రాష్ట్రంగా విడిగా ఉంచాలని, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో కోరితే ఆంధ్రతో కలపవచ్చని చెప్పింది. పెద్దమనుషుల ఒప్పందం కుదిరి 1956 నవంబరు 1నే ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 2010లో శ్రీకృష్ణ కమిటీ ఆరు మార్గాలు పేర్కొని, తెలంగాణకు చట్టబద్ధమైన ప్రాంతీయ మండలి ఇచ్చి రాష్ట్రాన్ని కలిపి ఉంచడం మేలంది. అది కుదరకపోతే హైదరాబాద్ రాజధానిగా తెలంగాణ ఇవ్వడం రెండో మేలైన దారి అంది. 2014 జూన్ 2న జరిగింది ఆ రెండోదే. అదే ఏడాది ఆగస్టు 27న శివరామకృష్ణన్ కమిటీ అంతా ఒకేచోట పోగు చేసే మహానగరం వద్దని, పాలనా సంస్థలను ప్రాంతాల మధ్య పంచాలని, విజయవాడ–గుంటూరు మధ్య సారవంతమైన భూములు పోతాయని హెచ్చరించింది. సెప్టెంబరు 4న రాజధాని విజయవాడ పరిసరాల్లోనే అని శాసనసభలో ప్రకటన వచ్చింది.

మూడింటిలోనూ కమిటీ మొదట మేలని చెప్పినది జరగలేదు. జరిగినది తప్పో ఒప్పో నేనిక్కడ తేల్చడం లేదు. జనం కోరిక, ఉద్యమం, ఎన్నికల తీర్పు వీటికి నివేదిక కన్నా ఎక్కువ బరువు ఉండవచ్చు. నాకు బాధ కలిగించేది వేరు. నిపుణులు చెప్పినదాన్ని పక్కన పెట్టినప్పుడు ‘ఈ మాట విన్నాం, ఈ కారణం వల్ల ఒప్పుకోలేదు’ అని అంశాలవారీగా కాగితం మీద పెట్టే ఆనవాయితీ మనకు లేదు. ఆ రాజధాని కోసం 33 వేల ఎకరాలకు పైగా భూమిని సమీకరణకు ఇచ్చిన రైతులకు, ఇవ్వడానికి ముందే, ఆ హెచ్చరికకు ప్రభుత్వం ఇస్తున్న జవాబేమిటో చదువుకునే హక్కు ఉండాల్సింది.

నచ్చిన సిఫారసులు తీసుకుని మిగతావి వదిలేయవచ్చా?

వదిలేయవచ్చు, తరచూ అదే జరుగుతుంది. ఢిల్లీ అత్యాచార ఘటన తర్వాత వేసిన వర్మ కమిటీ నివేదిక ఆధారంగా 2013లో క్రిమినల్ చట్టాలను సవరించారు. యాసిడ్ దాడి, వెంటపడి వేధించడం వేర్వేరు నేరాలయ్యాయి. కానీ భార్యపై బలాత్కారానికి చట్టం ఇస్తున్న మినహాయింపు తీసేయాలన్న సిఫారసు అలాగే ఉండిపోయింది. అత్యాచారానికి మరణశిక్ష వద్దని కమిటీ అంటే, కొన్ని సందర్భాల్లో ప్రభుత్వం దాన్ని పెట్టింది.

ఇంకో రకం కూడా ఉంది. సిఫారసు మాట ఉంచి అర్థం మార్చడం. పంట ఖర్చు మీద కనీసం 50 శాతం కలిపి మద్దతు ధర ఇవ్వాలని స్వామినాథన్ అధ్యక్షతన పనిచేసిన జాతీయ రైతుల కమిషన్ 2006లో చెప్పింది. 2018 బడ్జెట్‌లో కేంద్రం ఒకటిన్నర రెట్లు ఇస్తామంది. ఏ ఖర్చు మీద? విత్తనం, ఎరువు, కూలి వంటివాటికి చేతి నుంచి పెట్టిన ఖర్చు, ఇంటివాళ్ల శ్రమ విలువ కలిపిన లెక్క మీద. సొంత భూమికి కౌలు, సొంత పెట్టుబడికి వడ్డీ కూడా కలిపే సమగ్ర ఖర్చు మీద ఇవ్వాలని రైతు సంఘాలు పోరాడుతున్నాయి. ‘అమలు చేశాం’ అన్న ప్రకటన వినగానే ఏ నిర్వచనంతో అమలు చేశారో అడగాలి.

ఒక కమిటీ అవునన్నది ఇంకో కమిటీ ఎందుకు కాదంటుంది?

ప్రశ్న మారితే జవాబు మారుతుంది. పశ్చిమ కనుమలపై మాధవ్ గాడ్గిల్ కమిటీ 2011లో మొత్తం కనుమలనూ పర్యావరణపరంగా సున్నితమైనవిగా చూసి మూడు మండలాలుగా విభజించాలంది. రాష్ట్రాలు ఒప్పుకోలేదు. ఆ నివేదికను పరిశీలించడానికే వేసిన కస్తూరిరంగన్ బృందం 2013లో రక్షణను దాదాపు 37 శాతం ప్రాంతానికి పరిమితం చేసింది. ఇద్దరూ శాస్త్రవేత్తలే. మొదటి కమిటీ ప్రకృతికి ఏం కావాలో ముందు చూసింది, రెండోది రాష్ట్రాలు ఎంతవరకు ఒప్పుకుంటాయో కూడా చూసింది. 2024 జూలైలో వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడి వందల మంది చనిపోయినప్పుడు జనం మళ్లీ గాడ్గిల్ నివేదికనే తెరిచారు.

ఒక నివేదిక ఉండగా రెండో కమిటీ వేశారంటే మొదటి నివేదికలో ఏ అంశం మింగుడుపడలేదో వెతకండి. రెండో కమిటీ విధివిధానాల్లో అది కనిపిస్తుంది.

శాస్త్రవేత్తలు సరేనన్నా మంత్రి వద్దనవచ్చా?

అనవచ్చు. 2009 అక్టోబరు 14న జన్యుమార్పిడి చేసిన బీటీ వంకాయకు జీఈఏసీ, అంటే అలాంటి పంటలను పరిశీలించే కేంద్ర కమిటీ, పచ్చజెండా ఊపింది. ఆ కమిటీలో సుప్రీంకోర్టు నియమించిన పరిశీలకుడిగా ఉన్న పుష్ప ఎం. భార్గవ, అంటే హైదరాబాద్‌లో జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీని స్థాపించిన శాస్త్రవేత్త, భద్రతా పరీక్షలు చాలవని గట్టిగా వాదించారు. అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ హైదరాబాద్ సహా ఏడు నగరాల్లో బహిరంగ సమావేశాలు పెట్టి, రైతుల, శాస్త్రవేత్తల, రాష్ట్రాల అభిప్రాయాలు విని, 2010 ఫిబ్రవరి 9న దాన్ని నిలిపివేశారు.

ఆ నిర్ణయం సరైనదా కాదా అని శాస్త్రవేత్తలు నేటికీ వాదించుకుంటున్నారు. నాకు నచ్చింది పద్ధతి. మంత్రి తన కారణాలను వివరంగా రాసి, వచ్చిన లేఖలతో సహా బయటపెట్టారు. ఒప్పుకోనివాళ్లకు కూడా దేనితో విభేదించాలో తెలిసింది.

కోర్టులు కమిటీ నివేదికను ఎలా చూస్తాయి?

విధానం మంచిదా చెడ్డదా అన్నదాని జోలికి సాధారణంగా వెళ్లవు. చట్టం చెప్పిన దారిలో నడిచారా లేదా అని చూస్తాయి. 2016 మార్చిలో కేంద్రం ఒక నిపుణుల కమిటీ మాట మీద 344 రకాల మిశ్రమ మందులను (రెండు మూడు మందులు ఒకే మాత్రలో కలిపినవి) నిషేధించింది. చట్టబద్ధమైన సాంకేతిక సలహా బోర్డును సంప్రదించలేదని అదే ఏడాది ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. సుప్రీంకోర్టు 2017లో విషయాన్ని ఆ బోర్డుకే పంపింది. చివరికి 2018 సెప్టెంబరులో 328 మందులపై నిషేధం వచ్చింది.

## మన చేతిలో ఉన్నది

నివేదికను బయటపెట్టడం లేదు. ఎలా సంపాదించాలి?

సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం ప్రతి శాఖా తనకు సలహా ఇచ్చే కమిటీల జాబితాను, వాటి సమావేశాలు జనం చూడవచ్చా, మినిట్స్ అందుబాటులో ఉంటాయా అన్న వివరాలను ఎవరూ అడగకముందే ప్రకటించాలి. ప్రకటించకపోతే పది రూపాయల రుసుముతో తెలుగులోనే దరఖాస్తు పెట్టండి. నేను రాసే తీరు ఇది: ‘ఫలానా తేదీ, ఫలానా నంబరు ఉత్తర్వుతో ఏర్పాటైన కమిటీ సభ్యుల పేర్లు, హోదాలు, జరిగిన సమావేశాల తేదీలు, మినిట్స్ ప్రతులు, సమర్పించిన నివేదిక పూర్తి ప్రతి, దానిపై తీసుకున్న చర్యల వివరాలు.’ ‘ఎందుకు’ అని అడగకండి, కాగితం అడగండి. జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే, వచ్చినా సంతృప్తిగా లేకపోతే, మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు.

‘పరిశీలనలో ఉంది, ఇవ్వలేం’ అన్న జవాబు నాకు చాలాసార్లు వచ్చింది. దానికి భయపడవద్దు. పశ్చిమ కనుమలపై గాడ్గిల్ నివేదికను ఇవ్వడానికి పర్యావరణ శాఖ ఇలాగే నిరాకరించింది. 2012 ఏప్రిల్‌లో కేంద్ర సమాచార కమిషన్ ఇచ్చి తీరాలంది, మే నెలలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. విధానం రూపొందుతున్నప్పుడే పౌరులు అందులో పాలుపంచుకునే వీలుండాలన్నది ఆ తీర్పు సారం. మంత్రివర్గ పత్రాలకు మినహాయింపు ఉన్నా, నిర్ణయం జరిగి వ్యవహారం ముగిశాక కారణాలను, ఆధారాలను వెల్లడించాలని ఎనిమిదో సెక్షన్‌లోనే ఉంది.

నాలుగు వందల పేజీల నివేదికను ఎలా చదవాలి?

మొదటి నుంచి చివరికి చదవకండి. ముందు విధివిధానాలు, వెంటనే సిఫారసులు. రెండింటినీ పక్కపక్కన పెడితే అడిగినదానికి జవాబు చెప్పారో లేదో తెలుస్తుంది. తర్వాత అసమ్మతి నోట్, ఆపైన అనుబంధాల్లో ఎవరెవరిని కలిశారన్న జాబితా. మీ జిల్లా, మీ వృత్తి అందులో లేకపోతే పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. మీకు బాగా తెలిసిన ఒక్క అంశం ఎంచుకుని ఆ అధ్యాయం మాత్రం పట్టికలతో సహా చదవండి. మీకు తెలిసిన చోట కమిటీ సరిగ్గా రాసి ఉంటే, తెలియని చోట నమ్మడానికి కొంత ఆధారం దొరికినట్టే.

ఇవన్నీ ఇంగ్లీషులోనే ఎందుకు ఉంటాయి? తెలుగులో అడగవచ్చా?

అడగాలి. తమ ఊరి భూమి గురించి, తమ పిల్లల చదువు గురించి రాసిన నివేదికను చదవలేకపోవడం మన తప్పు కాదు. 2020లో పర్యావరణ ప్రభావ అంచనాకు సంబంధించిన ముసాయిదాను రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోకి తర్జుమా చేయించాలని ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. ముసాయిదా విడుదలైన మొదటి రోజే ‘తెలుగు ప్రతి ఇచ్చాకే గడువు లెక్కించండి’ అని రాయండి. చట్టాల ముసాయిదాలపై కనీసం 30 రోజులు అభిప్రాయాలు స్వీకరించాలని 2014లో కేంద్రం తానే ఒక విధానం పెట్టుకుంది. మీ లేఖలో దాన్ని ప్రస్తావించండి.

అభిప్రాయాలు పంపితే నిజంగా ఏమైనా మారుతుందా?

మారిన సందర్భాలున్నాయి. కస్తూరిరంగన్ కమిటీ రూపొందించిన జాతీయ విద్యా విధానం ముసాయిదా 2019 మే నెలాఖరున బయటికి వచ్చింది. హిందీయేతర రాష్ట్రాల్లో హిందీ తప్పనిసరి అన్నట్టున్న వాక్యంపై తమిళనాడుతో సహా దక్షిణాది నుంచి నిరసన వచ్చింది. జూన్ 3కల్లా ఆ వాక్యాన్ని మార్చారు. అంత త్వరగా మారడానికి కారణం, అభ్యంతరం పెట్టినవాళ్లు ఫలానా పేజీలో ఫలానా వాక్యం అని వేలు పెట్టి చూపించగలగడం.

నివేదిక అటకెక్కితే ఇక అంతేనా?

కాదు. మండల్ కమిషన్ 1980 డిసెంబరులో నివేదిక ఇస్తే పదేళ్ల దాకా దాన్ని కదిలించినవాళ్లు లేరు. 1990 ఆగస్టులో వి.పి. సింగ్ ప్రభుత్వం దుమ్ము దులిపి తీసింది, కేంద్ర ఉద్యోగాల్లో వెనుకబడిన తరగతులకు 27 శాతం రిజర్వేషన్ దాని నుంచే వచ్చింది. ఫజల్ అలీ నివేదికలోని తెలంగాణ పేరాలను ఉద్యమ కాలంలో ఊరూరా కరపత్రాలుగా వేసి పంచారు. యాభై ఏళ్ల కిందటి ఇంగ్లీషు వాక్యాలు తెలుగులోకి వచ్చి సభల్లో గట్టిగా చదివేంత బతుకు బతికాయి. మీ ఊరికి సంబంధించిన నివేదిక ఏదైనా దొరికితే ఒక ప్రతి గ్రంథాలయంలో పెట్టించండి, అట్ట మీద తేదీ, ఉత్తర్వు నంబరు రాయండి. తర్వాత ఎవరైనా వెతుక్కుంటూ వస్తే మొదట అడిగేవి ఆ రెండే.